వేసవి ఫలములు - ఇంటి పానకములు



వేసవిలో ఒక సాయంకాలము మబ్బు క్రమ్మి, గడియసేపు పెనుగాలి వీచి, నాలుగు చినుకులు పడి వెలిసిన పిమ్మట మామిడితోటలలో కనబడు దృశ్యము మీరెఱుగనిది కాదు. చెట్లక్రింద చాప పఱచినట్లు కాయలు రాలియుండును. కాపలావాడు దెబ్బతగులని కాయలను ఏఱి గంపకెత్తును. తక్కినవి కొన్ని పశువుల పాలగును. కొన్ని ఈగలు ముసిరి మూడవనాటికి కుళ్లును. సరిగా ఆ వేళకే ఆ తోట యజమానుని మనుమడు వీథిలోని అంగడికి పోయి రంగునీటి సీసా నొకదానిని కొని త్రాగుచుండును. చెట్టుక్రింది కాయకు వెల లేదు. సీసాలోని రంగునీటికి మాత్రము వెల కలదు. ఈ వింతను గూర్చియే నేడు నాలుగు మాటలు మనవి చేయదలచితిని.

పంట విరివిగా పండిన యేడు రైతునకు సంతోషము కలుగవలసినది. కాని యనేక పర్యాయములు అదియే దుఃఖకారణ మగుచున్నది. 2020వ సంవత్సరపు వేసవిలో కరోనా వ్యాధి కారణమున రాకపోకలు నిలిచిపోగా పుచ్చకాయలు పొలములలోనే కుళ్లిపోయినవి. 2025వ సంవత్సరమున చిత్తూరు జిల్లాలో తోతాపురి మామిడి ధర మిక్కిలి పడిపోగా, రసపు కర్మాగారములవారు కిలోకు 8 రూపాయలు ఈయవలెననియు, తాము 4 రూపాయలు కలిపి యిత్తుమనియు ప్రభుత్వమువారు ప్రకటింపవలసివచ్చెను. ఇంటిలో నాలుగు కుండల పానకము చేసినంతమాత్రమున ఇట్టి సంకటములు తీరునని నే ననను. బండ్లకొలది పంటకు బజారే గతి. కాని గంపలకొలది వృథాయగు పండ్లు మన చేతిలోనివి. వానిని కాపాడుకొనుటకు ఎవ్వరి యనుమతియు అక్కఱలేదు.

ఈ విద్య మనకు క్రొత్తది కాదు. శ్రీకృష్ణదేవరాయలు తన ఆముక్తమాల్యదలో విష్ణుచిత్తుడు అతిథులకు ఋతువుల ననుసరించి భోజనము పెట్టు రీతిని వర్ణించుచు, వేసవికి చెఱకురసమును, కొబ్బరినీరును, పండ్లను, చల్లని సుగంధజలమును, నీరుమజ్జిగను పేర్కొనియున్నాడు. పదునాఱవ శతాబ్దివాడగు భావమిశ్రుడు తన భావప్రకాశమను వైద్యగ్రంథమున పచ్చి మామిడికాయను ఉడికించి, చేతితో పిసికి, చక్కెరయు చల్లని నీరును చేర్చి, మిరియములతోను కర్పూరముతోను పరిమళింపజేయు పానకమును చెప్పి, అది భీమసేనుడు కల్పించినదని యొక ఐతిహ్యమును కూడ జోడించినాడు. విరటుని కొలువులో వంటవాడై యుండిన భీమునికి ఆ గౌరవము తగినదే.

అయితే గ్రంథము తెలిసినంతమాత్రమున పానకము తెలియదు. ఈ సంగతి నాకు ఎట్లు బోధపడినదో చెప్పెదను. నేను బడిపంతులుగా నున్న దినములలో ఒక శ్రీరామనవమికి మా యూరి చలిపందిరిని నేనే నిర్వహించితిని. ఏటేట చేయు బెల్లపు పానకమునకు బదులు ఆ యేడు భావప్రకాశములోని మామిడికాయ పానకమును చేయింప సంకల్పించి, ముందునాటి రాత్రియే కాయలు ఉడికించి, గుజ్జు పిసికి, గుడిలోని పాత యిత్తడి గుండిగలో కలిపి యుంచితిని. కాయలు పిసుకుటకు వచ్చిన యొక ముసలమ్మ గుండిగలోనికి తొంగిచూచి, "పంతులుగారూ, దీనికి కలాయి పోయిందండీ. పులుపు పోస్తే చిలుము పడుతుంది. మట్టి కుండల్లో పోయించండి" అని చెప్పెను. నేను శ్లోకమును చదివినవాడను, ఆమె చదువురానిది. "ఒక్క రాత్రికి ఏమీ కాదులేవమ్మా" అంటిని. మఱునాడు పానకమున కొక కనరు వాసన పుట్టినది. ఏలకులపొడి మఱికొంత వేయించి పంచిపెట్టితిని. గంట గడువకముందే పందిరిలోని పిల్లలకు వాంతులు పట్టుకొనెను. వైద్యుడు వచ్చి మందిచ్చెను. దైవానుగ్రహమున ఎవ్వరికిని ప్రాణాపాయము కలుగలేదు. కాని ఆ సాయంకాలము ఆ తల్లుల ముఖములు చూడలేక నేను తలవంచుకొని యింటికి వచ్చితిని. మఱునాడు ఆ ముసలమ్మ యింటికి పోయి, "నీ మాట వినక తప్పు చేసితిని" అని చెప్పితిని. ఆమె "పోనీండి బాబూ, పిల్లలు బతికారు, అదే పదివేలు" అని మాత్రము అనినది.

కారణ మిది. ఇత్తడిలో రాగి కలదు. పులుపు రాగిని తినును. తినిన రాగి రసములో కలియును. అది కడుపున పడినచో వెంటనే వాంతియగును. కలాయి యనగా తగరపు పూత. ఆ పూత చెక్కుచెదరక యున్నంతకాలమే ఇత్తడి పాత్ర పులుపునకు పనికివచ్చును. కావున పండ్లరసమునకు రాతిచిప్పలు, పింగాణి, గాజు, తుప్పుపట్టని యుక్కు, శుభ్రమైన మట్టికుండలు - ఇవియే తగినవి. రాగి, ఇత్తడి, అల్యూమినియపు పాత్రలలో పుల్లని రసమును నిలువయుంచరాదు. నా ప్రసంగములో మఱేది మఱచినను ఈ యొక్క మాటను మఱువవలదని ప్రార్థించుచున్నాను.

ఇక కాయల యెన్నిక. రాలినకాయ యంతయు చెడ్డది కాదు. దెబ్బతగిలి కమిలిన భాగమును లోతుగా కోసి పాఱవేసి, తక్కినది వాడుకొనవచ్చును. కాని పగిలి మట్టి చొరబడినదియు, బూజు పట్టినదియు, పులిసిన వాసన గలదియు పనికిరాదు. పక్షిగాని గబ్బిలముగాని కొఱికిన పండును, ఎంత మేలిరకమైనను, ముట్టరాదు. 2018వ సంవత్సరమున కేరళదేశమున ప్రాణములు గొన్న నిపా వ్యాధి పండ్లుతిను గబ్బిలముల వలన సంక్రమించునదియే. కాయలను మంచినీటిలో రెండు మూడు మాఱులు కడిగి, తొడిమ కోసి, తలక్రిందుగా కొంతసేపు ఉంచినయెడల సొన కాఱిపోవును. సొన నోటికి తగిలిన పొక్కును. రసమున కలిసిన గొంతు మండును.

మామిడికాయ పానకము చేయు విధము: నడితరపు పుల్లని కాయలు రెండు తీసికొని, మెత్తబడువఱకు ఉడికింపవలెను, లేక నిప్పులలో కాల్చవలెను. కాల్చినచో రుచి హెచ్చు. చల్లాఱిన పిదప తోలు తీసి, టెంకనుండి గుజ్జును పిసికి, కాచి చల్లార్చిన నీరు లీటరున్నర పోసి, దంచిన బెల్లము నూటయేబది గ్రాములు కరగించి, పలుచని గుడ్డలో వడియగట్టవలెను. వేయించి పొడిచేసిన జీలకఱ్ఱ అరచెంచా, మిరియపుపొడి చిటికెడు, ఉప్పు పావుచెంచా చేర్చవలెను. కాయ పులుపును బట్టి బెల్లమును హెచ్చించుకొనవచ్చును. పొలమునుండి చెమటోడి వచ్చినవానికి నీటితోపాటు ఉప్పును కావలెను గనుక ఈ చిటికెడుప్పు రుచికొఱకు మాత్రమే కాదు.

పండిన రసాలకు ఉడికించు పనిలేదు. నూజివీడు ప్రాంతపు చిన్నరసాలు, పెద్దరసాలు మొదలగునవి పీచు గలవి. పిసికి పీల్చుటకే పుట్టినవి. వానిని గంటసేపు నీటిలో నానవేసి, చేతితో మెల్లగా పిసికి, రసమును పిండి, సమభాగము చల్లని నీరుగాని పాలుగాని చేర్చవచ్చును. పండు తీయనిదైనచో చక్కెర వేయుట దండుగ. బంగినపల్లివంటి కోతమామిడికి పీచు లేదు గనుక ముక్కలు కోసి మిక్సీలో త్రిప్పుట సులభము. మిగిలిన గుజ్జును పలుచగా చాపలపై పూసి, పొరమీద పొర యెండబెట్టినచో తాండ్ర యగును. ఆత్రేయపురమువారి తాండ్ర ఎంత ప్రసిద్ధమో మీకు తెలియును. పండ్లను గడ్డిలోనే మాగవేయుడు. కార్బైడు మందుతో మాగించుట 2011వ సంవత్సరపు ఆహారనియమముల ప్రకారము నిషిద్ధము. దానిలో ఆర్సెనిక్కు, భాస్వరముల జాడలు ఉండును. అట్టి పండు పైకి పసుపుగా నుండి, లోపల పులుపుగా నుండును. దాని రసము రసమే కాదు.

శ్రీకాకుళము జిల్లాలో పలాస ప్రాంతపువారికి ఒక ప్రత్యేకమైన మాట. అచ్చట జీడిగింజ నేఱుకొని, జీడిమామిడిపండును తోటలోనే పాఱవేయుట వాడుక. నిజమునకు ఆ పండునందు సి విటమిను నారింజపండుకంటె ఎన్నియో రెట్లు హెచ్చు. దాని వగరే దాని శత్రువు. ఆ వగరును పోగొట్టు ఉపాయము మన వంటయింటిలోనే కలదు. చెట్టునుండి రాలిన దినముననే పండును తెచ్చి, గింజను మెలిత్రిప్పి వేఱుచేయవలెను. గింజతోలులోని నూనె చేతికిగాని రసమునకుగాని తగులనీయరాదు, అది కాల్చును. పండును కడిగి, పిండి, లీటరు రసమునకు ఒక చిన్న గ్లాసెడు పలుచని అన్నపుగంజి చల్లార్చి కలిపి, కదల్పక యుంచినయెడల వగరు గంజితో కలిసి అడుగున చేరును. పైతేటను వంచి వడియగట్టి, చక్కెరయు కొంచెము పులుపును చేర్చి త్రాగవచ్చును. ఆ పండు మఱునాటికే పులియును గనుక ఆలస్యము తగదు.

పుచ్చకాయ సంగతి వేఱు. దానిలో నీరు మెండు, పులుపు లేదు. గింజలు తీసి, చేతితో చిదిపి, ఉప్పును మిరియపుపొడియు చల్లి, గంటలోపల త్రాగవలెను. నిలువయుంచవలెనను తలంపే పెట్టుకొనరాదు. తోలుక్రింది తెల్లని భాగమును కూరగా వండుకొనవచ్చును. బజారున కోసి, ఈగలు ముసరుచున్న ముక్కలను తెచ్చి రసము తీయుట రోగమును కొని తెచ్చుకొనుటయే.

ఇక నిలువచేయుటను గూర్చి. ఎండకాలమున బయటనుంచిన పండ్లరసము కొన్ని గంటలకే పులియ నారంభించును. గాలిలోను, తోలుమీదను ఉండు కంటికి కనబడని సూక్ష్మజీవులు దానిని తినుటయే పులియుట. ఫ్రిజ్జులో నుంచినను ఒక దినముకంటె నుంచకుండుటయే మేలు. ఎక్కువ దినములు ఉంచదలచినచో పుల్లని రసములనే యెన్నుకొనవలెను. పుచ్చవంటి పులుపులేని రసమును గాలిచొరని సీసాలలో బిగించినయెడల రుచికిగాని వాసనకుగాని తెలియని ఘోరవిషము దానిలో పుట్టవచ్చును. అది నరములను పడగొట్టి ప్రాణములు తీయును. పండుమామిడి రసము తీపెక్కినదైనచో నిమ్మఉప్పు చేర్చి పులుపు హెచ్చించిన గాని సీసాకెక్కింపరాదు.

పద్ధతి యిది. గాజుసీసాలను, మూతలను నీటిలో ఇరువది నిమిషములు మరగబెట్టవలెను. వడియగట్టిన రసమును కాచి, వేడిగా నుండగానే సీసాలో అంగుళము వెలితి యుంచి పోసి, మూత బిగింపవలెను. వెడల్పైన పాత్రలో అడుగున గుడ్డ పఱచి, సీసాలను నిలిపి, మెడవఱకు వేడినీరు పోసి, నీరు తెర్లక, సన్నని బుడగలు మాత్రము లేచునంత మంటమీద అరగంటసేపు ఉంచవలెను. ఉష్ణమాపకమున్నవారు 85 డిగ్రీలు చూచుకొనవచ్చును. ఆ పిదప మెల్లగా చల్లార్చి, వెలుతురు తగులని చల్లనిచోట దాచవలెను. తెఱచునప్పుడు నురుగు పొంగినను, మూత ఉబ్బియున్నను, రుచి చూడక పాఱబోయుడు. తెఱచిన సీసాను ఫ్రిజ్జులో నుంచి రెండు మూడు దినములలో ముగింపవలెను.

నిమ్మను గూర్చి ఒక్కమాట. నిమ్మకాయ వేసవిలో ప్రియము, వానకాలమున చవుక. కావున తెలివిగల గృహిణి వేసవి నిమ్మను వానకాలముననే సమకూర్చుకొనును. ఒకపాలు నిమ్మరసమునకు తూకమున రెండుపాళ్లు పంచదార కరగించి, గాజుసీసాలో ఫ్రిజ్జునందుంచినచో చిరకాలము నిలుచును. చక్కెర హెచ్చుటవలన సూక్ష్మజీవులకు కావలసిన నీరు చిక్కదు. వేసవి వచ్చినప్పుడు గ్లాసెడు నీటికి రెండుచెంచాలు కలుపుకొనిన చాలును.

నీటి విషయము చెప్పక మానరాదు. పండు ఎంత శుభ్రమైనను, కలిపిన నీరు చెడ్డదైనచో పానకము విషమే. కాచి చల్లార్చిన నీటినే వాడుడు. బజారు మంచుగడ్డను గ్లాసులో వేయకుడు. చేపలను కప్పుటకు చేసిన గడ్డయు, త్రాగుటకు చేసిన గడ్డయు చూపునకు ఒక్కతీరుగనే యుండవచ్చును. ఇసుకలో నిలిపిన క్రొత్తకుండ ఇచ్చు చల్లదనము గొంతుకు హితము.

ఇంత చెప్పిన పిమ్మట మితమును కూడ చెప్పుట ధర్మము. రసము తీసినపుడు పండులోని పీచు పోవును, చక్కెర మిగులును. నాలుగు పండ్లు తినలేనివాడు నాలుగు పండ్ల రసమును అలవోకగా త్రాగును. హైదరాబాదులోని జాతీయ పోషకాహారసంస్థవారు సిద్ధపఱచగా 2024వ సంవత్సరమున వెలువడిన ఆహారసూచనలయందు రసముకంటె పండే మేలనియు, నూరు మిల్లీలీటర్ల చెఱకురసములో 13 నుండి 15 గ్రాముల చక్కెర యుండుననియు తెలిపియున్నారు. మధుమేహము గలవారు పండ్లరసముల జోలికి పోక, ఉప్పువేసిన పలుచని మజ్జిగను త్రాగుట మంచిది. ఆఱునెలలు నిండని శిశువునకు తల్లిపాలు తప్ప నీటిచుక్కయు అక్కఱలేదు. మూత్రపిండముల జబ్బు గలవారు వైద్యుని అడిగియే త్రాగవలెను.

వడదెబ్బ తగిలినవానికి పానకమే మందనుకొనుట పొరపాటు. 2015వ సంవత్సరపు వేసవిలో మన రెండు తెలుగు రాష్ట్రములలో కలిసి సుమారు రెండువేలమంది ఎండదెబ్బకు బలియైరి. దేహము కాలిపోవుచు, మతి తప్పి మాటాడువానిని వెంటనే నీడకు చేర్చి, ఒంటిమీద నీరు చల్లి విసరుచు, ఆసుపత్రికి తరలింపవలెను. స్పృహలేనివాని నోట ఏ ద్రవమును పోయరాదు. అది ఊపిరితిత్తులలోనికి పోవును. విరేచనములై నీరసించినవానికి లీటరు మంచినీటిలో తలగొట్టిన ఆఱుచెంచాల పంచదారయు, అరచెంచా ఉప్పును కలిపి కొంచెము కొంచెముగా ఇయ్యవలెను. ఇచ్చట చెంచా యనగా టీచెంచా. పానకము ఆరోగ్యవంతుని సేదదీర్చునదేగాని రోగికి చికిత్స కాదు.

పెద్దలారా! ఇంతవఱకు చెప్పినది వంటయింటి పని. ఇక మీ పని యొకటి మిగిలియున్నది. రాలినకాయను ఏఱుకొన వచ్చిన పేదపిల్లలను తఱిమివేయవలదని కాపలావానికి మీరే చెప్పవలెను. ఎవరి తోటలో ఎన్ని గంపలు వృథాయగుచున్నవో రచ్చబండవద్ద మీరే లెక్కింపవలెను. నాలుగిండ్లవారు కలిసి యొక పూట కూర్చున్నయెడల చలిపందిరి యొకటి నడచును; బాటసారి గొంతు తడియును; బడినుండి వచ్చిన పిల్లవాడు అంగడివైపు పోక పందిరివైపు వచ్చును. అందుకు కావలసిన ధనము స్వల్పము. కాయలు మీ చెట్లక్రిందనే యున్నవి.

ఆ కూటములో మీ యూరి ముసలమ్మ లెవరైనను "ఈ పాత్ర వద్దు, ఈ కాయ వద్దు" అని పలికినచో, శ్లోకము చదివినవారమను గర్వముతో ఆ మాటను త్రోసివేయకుడు. నేను త్రోసివేసి అనుభవించితిని. ఆ యమ్మ నేడు లేదు. మా యూరి చలిపందిరిలో నేటికిని పుల్లని పానకమును మట్టికుండలలోనే పోయుచున్నారు; ఆ యాచారము ఆమె పెట్టినదే.

ఇంతటితో విరమించెదను. సెలవు.